లారీ నేర్చిన పిల్లవానికి తొలి కొలువు



నేను ముప్పదియైదేండ్లు బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి పొందినవాడను. చిన్ననాట గురువుగారి యింట నుండి కావ్యములును వ్యాకరణమును చదువుకొంటిని. ఇట్టివాడు లారీల మాట యేల యెత్తుకొనెనని మీలో కొందరికి తోచవచ్చును. కారణము మనవి చేసెదను.

మాది కొల్లేటికి చేరువనున్న పల్లె. నా చిన్నతనమున వరిచేలుగా నున్న నేలలో హెచ్చుభాగము నేడు చేపలచెరువులైనది. చెరువుల వెంట లారీలు వచ్చినవి. లారీల వెంట వానిని తోలు పిల్లలు వచ్చిరి. పదవ తరగతితో చదువు నిలిచినవారు, ఇంటరు తప్పినవారు, కౌలుసేద్యము చేసి అప్పులపాలైన తండ్రుల కొడుకులు, డ్రైవింగు స్కూలులో చేరి, పెద్దబండి లైసెన్సు సంపాదించి, ఆ కార్డు చేతబట్టుకొని మా అరుగుమీదకు వచ్చుచున్నారు. “మాస్టారండీ, ఎవరి దగ్గర చేరమంటారు?” అని అడుగుచున్నారు. మీ అరుగులమీదకును వచ్చుచునే యుందురు. ఈ ప్రశ్నకు బదులు చెప్పుట తేలికపని యని నేనొకప్పు డనుకొంటిని. కాదని తెలియుటకు మా యూరు పెద్దవెల యిచ్చుకొన్నది. ఆ సంగతి ముందునకు చెప్పెదను.

మొదట, ఆ పిల్లవాని చేతనున్న కార్డు విలువ యెంతయో చూతము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము రవాణాబండి తోలువానికి 20 ఏండ్లు నిండియుండవలెను. చిన్నబండి లైసెన్సు పుచ్చుకొని ఏడాది గడచినగాని పెద్దబండి నేర్చుకొనుటకు అనుమతి దొరకదు. డ్రైవింగు స్కూలులో ఎంత నేర్పవలెనో 1989 నాటి కేంద్రనిబంధనలలో వ్రాసియున్నది. రవాణాబండి పాఠము 30 దినములకు తక్కువ కారాదు. అందులో చక్రము చేతబట్టి తోలుట 15 గంటలకు తక్కువ కారాదు.

15 గంటలనగా నెంత? మా బడిలో పిల్లవానికి అచ్చులు, హల్లులు దిద్దించుటకే అంతకంటె హెచ్చు కాలము పట్టెడిది. ఆ గంటలును సాధారణముగా పగటివేళ, ఖాళీబండిమీద, పక్కన నేర్పువాడు కూర్చుండగా, ఎరిగిన దారిలో గడచును. నిండు బరువుతో ఘాటురోడ్డు దిగుట, జోరువానలో ఎదుటిబండి దీపములు కన్నులను కప్పివేయుచుండగా దారి పోల్చుకొనుట, మంచుకురియు తెల్లవారుజామున రోడ్డుపక్క నిలిచిన బండిని దూరమునుండియే కనిపెట్టుట, ఇవి ఆ పాఠములలో చేరుట అరుదు. కాబట్టి లైసెన్సు అక్షరాభ్యాసము వంటిది. చదువు దాని తరువాత మొదలగును. ఆ చదువు చెప్పువాడు తొలి యజమాని.

పూర్వము ఈ చదువునకు వేరొక మార్గముండెను. కుర్రవాడు మొదట క్లీనరుగా చేరెడివాడు. లారీ కడిగి, టైరు విప్పి, తాళ్లు బిగించి, పట్టా కప్పి, డ్రైవరునకు టీ తెచ్చియిచ్చి, నాలుగైదేండ్లు అతని పక్కన కూర్చుండెడివాడు. డ్రైవరును “గురువు” అనియే పిలిచెడివాడు. తిట్లును తినెడివాడు, దెబ్బలును తినెడివాడు. అది మెచ్చదగినది కాదు. కాని ఎక్కడ బండి నెమ్మదింపవలెనో, ఏ మలుపున ఏ గేరు వేయవలెనో, ఇంజను మ్రోతలో ఏ తేడా ఏ రోగమునకు గుర్తో, కన్నులతోడను చెవులతోడను నేర్చెడివాడు. నేడు అనేక లారీలలో క్లీనరే లేడు. జీతము మిగులునని యజమానులు మాన్పించిరి. గురుకులము పోయినది, 30 దినముల స్కూలు మిగిలినది. ఈ నడుమ పడిన అఖాతమును పూడ్చునట్టి యజమానిని వెదకుటయే మన పని.

ఇక నా తప్పు చెప్పెదను.

2017లో నావద్ద చదివిన కుర్రవాడొకడు పెద్దబండి లైసెన్సు పుచ్చుకొని వచ్చెను. అతనికి రెండు కొలువులు దొరకినవి. ఒకటి పొరుగూరి పెద్దాయన వద్ద. ఆయన తానే పాతికేండ్లు లారీ తోలి, పిదప రెండు బండ్లు కొనుక్కొన్నవాడు. “మూడు నెలలు మా డ్రైవరు పక్కన కూర్చోవాలి. రాత్రిపూట చక్రం ఇవ్వను” అనెను. జీతము తక్కువ. రెండవది పట్టణములోని యొక సంస్థ. చేపల లోడుతో హౌరాకు పోవలెను. చేరిననాడే బండి యిచ్చెదరు. నెలకు 4,000 రూపాయలు హెచ్చు. అతని తండ్రికి చెరువు కౌలులో అప్పులున్నవి. నేను రెండు నిమిషములైన ఆలోచింపక, “ఇంటి పరిస్థితి చూచుకో, నాయనా. నాలుగువేలు ఊరక వచ్చునా?” అంటిని. అతడు నా కాళ్లకు మ్రొక్కి పోయెను.

మూడవ నెల. సాయంకాలము ఆరుగంటలకు బయలుదేరిన బండి మూడవనాటి ఉదయము ఆరుగంటలకు హౌరా బజారు చేరవలెనని యజమాని గడువు. మా ప్రాంతమునుండి హౌరా సుమారు 1,200 కిలోమీటర్లు. రెండవరాత్రి, మూడుగంటల వేళ, బాలాసోర్ దాటిన పిదప, ఆలస్యమగుచున్నదని ఫోను వచ్చెను. అరగంటకు కుర్రవాని కన్ను మూతపడెను. లారీ పోయి రోడ్డుపక్క నిలిచియున్న మరియొక లారీని వెనుకనుండి గ్రుద్దెను. కుర్రవాని కాలు మూడుచోట్ల విరిగెను. ఎడమవైపు క్లీనరుగా కూర్చున్న 19 ఏండ్ల పిల్లవాడు బ్రతుకలేదు. వాడును మా బడి పిల్లవాడే.

ఆసుపత్రికి చూడబోయినపుడు కుర్రవాడు నన్ను నిందింపలేదు. తలత్రిప్పి గోడవైపు చూచుచు ఒక్కమాట అనెను: “నేనడిగింది జీతం సంగతి కాదండి, మాస్టారూ. ఎవరి దగ్గర చేరమంటారని అడిగాను.”

అతడు వేసిన ప్రశ్న యొకటి. నేను చెప్పిన బదులు మరియొకదానికి. ప్రశ్న తెలిసికొనక బదులు వ్రాసిన విద్యార్థులకు సున్న వేసిన చేతులివి. ఆనాటినుండి డ్రైవర్లను, యజమానులను, రవాణా కార్యాలయమువారిని అడిగి, చట్టములు చదివి తెలిసికొన్నదానిని మీకు మనవి చేయుచున్నాను.

యజమానులు పలువిధములు. వారి తారతమ్యమును తెలిసికొనుట మొదటిపని.

ఒకటి రెండు లారీలు గలవారు మొదటి తరగతి. వీరిలో పలువురు తాము డ్రైవర్లుగా నుండి పైకివచ్చినవారు. పని తెలిసినవారు గనుక నేర్పగలరు. బండి తమ ప్రాణము గనుక కుర్రవానిని కనిపెట్టి యుందురు. అయితే లారీమీద ఫైనాన్సు వాయిదాలుండును. లోడు దొరకని నెలలో జీతము ఆలస్యమగును. రిపేరు వాయిదా పడును. అందుచేత మనిషి మంచివాడైనను బండి మంచిదో కాదో విడిగా చూచుకొనవలెను.

పది, ఇరువది లారీలు గలవారు రెండవ తరగతి. వీరివద్ద లోడునకు కొరతలేదు. బండ్లను పంపు గుమాస్తా యొకడుండును. యజమాని మంచితనముకంటె ఆ గుమాస్తా స్వభావమే డ్రైవరునకు ముఖ్యము. ఫోను చేయువాడు అతడే.

ఊరూర ఆఫీసులుగల పెద్ద రవాణా కంపెనీలు, పార్సిలు సర్వీసులు మూడవ తరగతి. దారి, వేళ, జీతము ఒక క్రమములో నుండును. భవిష్యనిధి వంటి సదుపాయములును అనేకచోట్ల కలవు. కాని కొత్తవారిని చేర్చుకొనుట అరుదు. కొన్నియేండ్ల అనుభవ మడుగుదురు. ఇది తొలిమెట్టు కాదు; ఎక్కవలసిన మెట్టు అని పిల్లవానికి చెప్పవచ్చును.

సిమెంటు ఫ్యాక్టరీలకు, చమురు, గ్యాసు డిపోలకు కాంట్రాక్టుమీద తిరుగు బండ్లు నాలుగవ తరగతి. మంటపుట్టు సరుకును, విషపుసరుకును మోయు ట్యాంకరు తోలుటకు మామూలు లైసెన్సు చాలదు. ప్రత్యేకముగా మూడుదినముల శిక్షణ పొంది, లైసెన్సుమీద అనుమతి వ్రాయించుకొనవలెను. కొత్తవాడు దీని జోలికి పోరాదు.

ఇసుక, కంకర మోయు టిప్పర్లు ఐదవ తరగతి. ఇంటికి దగ్గర, రాత్రికి గూటికి చేరవచ్చునని తల్లులు వీనిని కోరుదురు. కాని అనేకచోట్ల కూలి ట్రిప్పులెక్కన నుండును. ఎన్ని ట్రిప్పులైన అంత కూలి. అనగా తొందరకే బహుమానము. మొక్కై వంగనిది మానై వంగునా? తొలియేడు తొందర నేర్చిన చేయి పదియేండ్లకైనను నెమ్మది నేర్వదు. కొత్తవానికి ట్రిప్పులెక్క కంటె నెలజీతము, దానిపై దినబత్తా మేలు.

ఇక్కడ మరియొక మాట. పెద్దలారీకి వెంటనే ఎక్కవలెనన్న నియమము లేదు. 7,500 కిలోలకు మించని సరుకుబండిని చిన్నబండి లైసెన్సుతోడనే తోలవచ్చునని 2024 నవంబరులో సుప్రీముకోర్టు రాజ్యాంగ ధర్మాసనము తేల్చినది. భయస్థుడైన పిల్లవాడు చిన్నబండిమీద ఒక సంవత్సరము తిరిగి, సరుకు కట్టుటయు, కాగితములు చూపుటయు, బజారువారితో మాటలాడుటయు నేర్చి, పిదప పెద్దబండి ఎక్కినచో దోషములేదు.

ఇక యజమానిని అడుగవలసిన ప్రశ్నలు.

మొదటి ప్రశ్న: “తొలి నెలలలో మా వాని పక్కన ఎవరుందురు?” చేరిననాడే తాళపుచెవి చేతిలో వేయుట గౌరవమని కుర్రవాడు పొంగిపోవును. అది గౌరవము కాదు; యజమానికి అవసరము. పాత డ్రైవరు ఎందుకు పోయెనో అడుగవలెను. పక్కన కూర్చుండి నేర్పు మనిషి పేరు చెప్పగలిగినవాడే మొదట తలపదగిన యజమాని. నేర్చుకొను నెలలలో జీతము కొంత తగ్గినను అది గురుదక్షిణ యనుకొనవలెను.

రెండవ ప్రశ్న: “ఎంత దూరము, ఎన్ని గంటలు, ఎందరు డ్రైవర్లు?” ఇది మూడవతరగతి లెక్క. నేను ఆనాడు వేయని లెక్క. 1,200 కిలోమీటర్లు, సరుకుతో నిండిన లారీ సగటున గంటకు 40 కిలోమీటర్లు నడచుననుకొందము. చక్రము పట్టవలసిన కాలము 30 గంటలు. యజమాని యిచ్చిన గడువు 36 గంటలు. మిగిలినవి 6 గంటలు. రెండురాత్రులు, ఒక పగలులో ఆ ఆరుగంటలే తిండికి, స్నానమునకు, డీజిలునకు, గేట్లవద్ద నిలుచుటకు, నిద్రకు. ఒక్క డ్రైవరు! ఈ లెక్క పలకమీద వేసియుంటినేని ఆ కుర్రవానిని పంపియుండను. ఇద్దరు డ్రైవర్లుండినచో తలకు 15 గంటలు. అదియు కష్టమే గాని మనుష్యులు చేయదగినది.

మన దేశమున 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టము వచ్చినది. దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు పని యని అది నిర్ణయించెను. దూరపుదారులలో అనుమతితో హెచ్చించినను దినమునకు 10 గంటలు, వారమునకు 54 గంటలు దాటరాదనెను. ఐదుగంటలు పనిచేసిన పిదప కనీసము అరగంట విశ్రాంతి యుండవలెననెను. శాసనములు మారవచ్చును గాని మనుష్యుని కన్ను మారలేదు. రాత్రి రెండుగంటలు మొదలు ఐదుగంటలవరకు దేహము నిద్రను కోరును. టీలతో, కారపుకిళ్లీలతో దానిని మోసగింపజాలము. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి క్షణమునకు, అనగా సెకనుకు, 16 మీటర్లకు పైగా పోవును. మూడు సెకనులు కన్ను మూతపడిన 50 మీటర్లు. గ్రుడ్డివాడు తోలిన 50 మీటర్లు అవి.

సరుకు కాగితముల గడువు తీరునని కొందరు కుర్రవారిని తొందరపెట్టుదురు. సరుకుతోపాటు ఉండవలసిన ఈ-వే బిల్లు చెల్లుబడి 2021 జనవరి నుండి మామూలు సరుకునకు ప్రతి 200 కిలోమీటర్లకు ఒక దినముగా నున్నది. అనగా 1,200 కిలోమీటర్లకు ఆరుదినములు. తొందర బిల్లుది కాదు, వర్తకునిది.

మూడవ ప్రశ్న: “ఎంత బరువు వేయుదురు?” రెండు ఇరుసుల లారీ సరుకుతో కూడ 18.5 టన్నులకు మించరాదని 2018లో కేంద్రము హద్దు పెంచి నిర్ణయించెను. ఆ బండి యెంత మోయవచ్చునో దాని రిజిస్ట్రేషను కాగితమునందే యుండును. హద్దుమీరిన బరువునకు 2019 సవరణచట్టము 20,000 రూపాయల జరిమానాను, పైబడిన ప్రతి టన్నునకు 2,000 రూపాయలను విధించినది. తోలినవాడును, తోలించినవాడును ఇద్దరును బాధ్యులే. జరిమానా యజమాని కట్టవచ్చును. కాని అధికబరువు మోసిన డ్రైవరు లైసెన్సును కొంతకాలము నిలిపివేయుట కలదు. లారీ యజమానిది, లైసెన్సు పిల్లవానిది. డబ్బు పోయిన యజమానికి మరియొక లోడు వచ్చును. లైసెన్సు పోయిన పిల్లవానికి ఆ మూడునెలలు అన్నము పెట్టువారు లేరు. ఇదిగాక, బరువు హెచ్చిన కొలదియు బండి ఆగు దూరము పెరుగును. పల్లములో బ్రేకు వేడెక్కి పట్టు విడుచును. కొత్తచేతికి ఇది విషపరీక్ష.

నాల్గవ ప్రశ్న: “బండిని, కాగితములను చూపుదురా?” రిజిస్ట్రేషను, పర్మిటు, యోగ్యతాపత్రము, బీమా, పన్ను, కాలుష్యపత్రము, ఈ ఆరును గడువులోపల నుండవలెను. యోగ్యతాపత్రము ఎనిమిదేండ్లలోపు లారీకి రెండేండ్లకొకసారి, ఆపైన ఏటేట తీసికొనవలెను. బీమా లేని బండి తోలినవానికిని శిక్ష కలదని పిల్లవానికి తెలియదు. బీమాలో డ్రైవరునకు, క్లీనరునకు నష్టపరిహారము చేరియున్నదో లేదో తప్పక అడుగవలెను. పిదప బండిచుట్టు తిరిగి చూడవలెను. టైర్ల గాళ్లు అరిగి నున్నబడినవా? వెనుక దీపములు వెలుగుచున్నవా? అద్దములు ఉన్నవా? డ్రైవరు పండుకొనుటకు చోటున్నదా? 2025 అక్టోబరు 1 మొదలుకొని తయారగు పెద్దలారీలలో డ్రైవరు గదికి చల్లదనపు యంత్రము ఉండవలెనని కేంద్రము నియమించినది. పాతబండ్లకు ఆ నియమము లేదు గాని, గాలియైన ఆడు గది కావలెను. ఎద్దును కొనబోయి పళ్లు పట్టి చూచు మనము, బిడ్డను ఎక్కించు బండి బ్రేకును చూడకుండుట న్యాయమా?

ఐదవ ప్రశ్న జీతమునుగూర్చినది. జీతము చిన్నవిషయమని నేననను. అది ఐదవదిగా అడుగవలసినదని అందును. అడుగునపుడు మాత్రము విడివిడిగా అడుగవలెను. నెలజీతమెంత? దినబత్తా యెంత? లోడుకొరకు కాచుకొనియున్న దినములకు బత్తా కలదా? బండి షెడ్డులో నున్న దినములకు జీతము కలదా? టైరు పేలినను, సరుకు తరుగు వచ్చినను, డీజిలు లెక్క తేలకున్నను ఎవరి ఖాతాలో వ్రాయుదురు? జీతము బ్యాంకులో వేయుదురా, చేతికిత్తురా? పట్టణపుసంస్థ చెప్పిన నాలుగువేల హెచ్చు కథ నాకు పిదప తెలిసినది. కాచుకొన్న దినములకు బత్తా లేదు, తరుగు డ్రైవరుదే. మూడునెలలలో ఆ కుర్రవాని చేతికి హెచ్చుగా వచ్చినది రెండువేలకు మించలేదు.

ఇందులోనే పెద్దలు గమనింపవలసిన ప్రమాదము అడ్వాన్సు. చెల్లెలి పెండ్లికనియో, తండ్రి అప్పుకనియో చేరినపుడే పెద్దమొత్తము పుచ్చుకొందురు. అది తీరువరకు ఆ కుర్రవాడు “కాదు” అనలేడు. నిద్రవచ్చినను తోలవలెను, బరువు హెచ్చైనను తోలవలెను. ఇంటిలో మనము పుచ్చుకొన్న రూపాయ రోడ్డుమీద వాని నోరు కట్టివేయును. అట్లే, అసలు లైసెన్సును తనవద్ద ఉంచుమను యజమానికి నమస్కారము పెట్టి వెనుకకు రావలెను. నకలు ఇయ్యవచ్చును, అసలు వాని జేబులో నుండవలెను.

ఈ ఐదింటికిని యజమాని నోట మంచి బదుళ్లే రావచ్చును. అవి నిజమో కాదో తెలియుటకు ఆఫీసు చోటుకాదు. ఆ యజమాని లారీలు ఆగు హోటలువద్ద, షెడ్డువద్ద, టైర్ల కొట్టువద్ద ఒక పూట కూర్చుండవలెను. విజయవాడ ఆటోనగరువంటి చోట మెకానిక్కులకు ఎవరి బండి యెట్టిదో కంఠస్థము. అతనివద్ద ఇప్పుడున్న డ్రైవరుకంటె మానివేసిన డ్రైవరు నిజము చెప్పును. “ఎన్నేండ్లున్నావు? ఎందుకు మానితివి? పోవునపుడు లెక్క తేల్చిరా?” ఈ మూడు మాటలు చాలును. ఏటేట డ్రైవర్లు మారుచున్న చోట బండ్లు ఎంత మెరసినను పిల్లవానిని పెట్టరాదు.

ఇన్ని ప్రశ్నలను ఒక్కటిగా కూర్చి చెప్పుమందురా? చెప్పెదను. నడిరాత్రి పిల్లవాడు ఫోనుచేసి, “నిద్ర వచ్చుచున్నది, బండి పక్కన ఆపితిని” అన్నపుడు అవతలనుండి ఏమి బదులు వచ్చును? “మంచిపని చేసితివి, పండుకొనుము” అను బదులు వచ్చు చోటు తొలి కొలువునకు తగినది. తిట్లు వచ్చు చోటు తగదు. పండిన డ్రైవరు ఆ తిట్లను త్రోసివేసి నిద్రపోవును. కొత్తవాడు భయపడి చక్రము పట్టును. కావుననే మొదటి యజమానిని ఎంచుకొనుట తరువాతి పదిమందిని ఎంచుకొనుటకంటె ముఖ్యము.

పిల్లవాని ధర్మమును కలదు. మంచి యజమాని దొరకినపుడు వంద రూపాయలకై నెలకొక గుమ్మము మారరాదు. కనీసము ఒక సంవత్సరము నిలువవలెను. ఎక్కడికి పోయిననాడు ఎన్ని గంటలు తోలినది, ఎంత డీజిలు పోసినది, ఏ రిపేరు జరిగినది చిన్నపుస్తకములో వ్రాసికొనవలెను. ఆ పుస్తకమే రేపు పెద్దకంపెనీలో అడుగు అనుభవమునకు సాక్ష్యము. త్రాగి చక్రము పట్టరాదు; ఫోను మాటలాడుచు తోలరాదు; సరుకుబండిలో దారిన పోవు మనుష్యులను ఎక్కించుకొనరాదు. ప్రమాదమే జరిగినచో దెబ్బతిన్నవారికి వైద్యము అందించుటయు, పోలీసువారికి తెలుపుటయు చట్టము డ్రైవరుమీద పెట్టిన విధి. పారిపోవుట రెండవ నేరము.

ఇక పెద్దలకు నా ప్రార్థన. సంబంధము చూడబోవునపుడు నలుగురు కలిసి పోవుట మన ఆచారము. ఈ తొలి కొలువునకును అట్లే పొండు. ఒంటరిగా పోయిన ఇరువదియేండ్ల పిల్లవాడు ప్రశ్నలు అడుగలేడు. అడిగిన “ఇష్టమైతే చేరు, లేకపోతే పో” అందురు. వెనుక ఊరి పెద్దమనిషి నిలిచియున్నపుడు అదే యజమాని కుర్చీ వేసి బదులు చెప్పును. మన నెరసిన జుట్టునకు ఇంకను మిగిలిన విలువ అది. దానిని ఈ పిల్లలకొరకు వాడుదము.

కాలు విరిగిన నా శిష్యుడు ఎనిమిదినెలలు మంచమున నుండి లేచెను. కుంటుచున్నాడు. మరల లారీ తోలలేదు. పొరుగూరి పెద్దాయన, తాను మొదట జీతము తక్కువ చెప్పిన ఆ పెద్దాయనయే, అతనిని పిలిచి షెడ్డులో లెక్కలు వ్రాయు పని యిచ్చెను. పోయిన పిల్లవాని తల్లి మా వీధిలోనే యున్నది. నేను ఆమె గుమ్మము దాటి గుడికి పోవలెను. ఆమె నన్ను ఏమియు అనదు.

గత మాసమున మరియొక కుర్రవాడు కార్డు పట్టుకొని మా అరుగుమీదకు వచ్చెను. ఈసారి నేను బదులు చెప్పలేదు. చెప్పులు తొడుగుకొని, అతనిని, అతని తండ్రిని వెంటబెట్టుకొని, పెద్దాయన షెడ్డునకు నడచితిని. నా శిష్యుడు లెక్కపుస్తకము మూసి కుర్చీలు వేసెను. ఐదు ప్రశ్నలును అడిగితిమి. చివరకు నడిరాత్రి ఫోను మాట అడిగితిని. పెద్దాయన కొంతసేపు ఊరకుండి, “నిద్రొస్తే ఆపమనండి మాస్టారూ. సరుకు పాడైతే వర్తకుడికి నేను చెప్పుకుంటాను. పిల్లాడికేమైనా అయితే వాళ్లమ్మకి ఎవరు చెప్పుకోవాలి?” అనెను.

అప్పుడు జీతము అడిగితిమి. తక్కువే చెప్పెను. చేర్చివచ్చితిమి.